ఏడాది నిండని గీజరు

"అన్నా, దీన్ని బాగుచేసే డబ్బుకి కొత్తదే వస్తాది," అన్నాడు మెకానిక్ సుకుమార్.

"రానీ. నాకు ఇదే కావాల," అన్నాడు ధనశేఖర్.

ఏడాది కూడా నిండని గీజరు. చిత్తూరు బోరునీళ్ళు ఉప్పు గనక గ్యారంటీ చెల్లదని కంపెనీవాళ్ళు ఫోన్లోనే తేల్చేశారు. ధనశేఖర్ గొడవపడలేదు. అతనికి కావలసింది ఒక్క జవాబు. ఇది ఎప్పుడు చెడిపోయింది?

భార్య కోమలి పోయి పక్షం కాలేదు. చలికి దగ్గే మనిషి. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైంది. కడసారి స్నానానికైనా గోరువెచ్చటి నీళ్ళు పోద్దామని ధనశేఖర్ స్విచ్చి వేస్తే, గీజరు అడుగు నుంచి తుప్పునీళ్ళు కారాయి. చివరికి కుళాయి నీళ్ళే పోశారు.

ఆ రోజు నుంచి ఒకటే దిగులు. ఇది ఎన్నాళ్ళ కిందటో పాడై ఉంటుంది. రిపేరు ఖర్చని తనకు చెప్పకుండా, పిచ్చిది, చన్నీళ్ళు పోసుకుని ఉంటుంది.

తనకేం తెలుసు? బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. తెల్లారకముందే బస్సెక్కుతాడు. సాయంత్రం వచ్చి పెరట్లో తొట్టి దగ్గర నాలుగు చెంబులు పోసుకుంటాడు. గీజరు ఎట్లుండాదని అడిగితే, "దానికేం, మారాజులాగ గోడెక్కి కూసోనుండాది," అనేది కోమలి.

కొన్నది ఆమె కోసమే. పోయినేడు ధనశేఖర్‌కు జ్వరం ముదిరి, తిరుపతి ఆస్పత్రిలో ప్రాణం మీదికొచ్చింది. కోమలి అతని పక్కనే కూర్చుని, ఏదో వదిలేస్తానని స్వామికి మొక్కుకుంది. స్వామి దయ, బతికి ఇల్లు చేరాడు. చేతికొచ్చిన మొదటి జీతంతో గీజరు బిగించాడు. కోమలి దాన్ని చాలాసేపు చూసింది. పసుపు కుంకుమ పెట్టింది. అంతే.

ఏం వదిలిందో మాత్రం చెప్పలేదు. మామిడిపండేమోనని తెచ్చిస్తే, రసం మోచేతికి కారేలా తినింది.

"అయితే నన్నే వదిలేస్తానని మొక్కుకుంటివా?"

"నిన్ను తీసుకొని స్వామి ఏం చేసుకుంటాడు? సాల్లే. మొక్కు బయటికి చెప్తే ఫలం దక్కదు. ఏడాది నిండనీ, చెప్తా."

సుకుమార్ గీజరు దించి, అడుగు విప్పి, కాయిల్ బయటికి లాగాడు.

"నిజం చెప్పబ్బా," అన్నాడు ధనశేఖర్. "ఎన్నాళ్ళ కిందట చెడింది? రెండు నెల్లా? మూడా?"

సుకుమార్ కాయిల్‌ను వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూశాడు.

"మన నీళ్ళకి ఒక్క నెల వాడినా దీనికి సున్నం పూసినట్టు ఉప్పు కడతాదన్నా. ఇది సూడు, అంగట్లోంచి తెచ్చినట్టే ఉండాది. కదలని నీళ్ళు నిలవుండి టాంకీని తినేసినాయి. బిగించినాంక దీన్ని ఎవురూ వాడిందే లేదు."

ధనశేఖర్ ఆ కాయిల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉంది.

తనను బతికించమని కోమలి స్వామికి వదిలేసింది వేడినీళ్ళనే.