వాటుబరుగు

భూమి కింద ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన ముత్యానికి ఒక్కటే కోరిక. చచ్చేలోగా ఒక్కసారి భూమిని వదిలి పైకి ఎగరాలి. విమానంలో.

ఆ విమానం నడిచొచ్చి, రిటైరయ్యాక అతను నడుపుకుంటున్న ఆటో వెనకే నిలబడింది.

గనిలో మిషను చూడటానికి జర్మనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ హిల్డా. గోదావరిఖని చౌరస్తాలో ఆటో మీది ఇంగ్లీషు అక్షరాలు చూసి కారు దిగింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. వార్ట్‌బర్గ్! టిఫిన్ సెంటర్ మీదా అదే. లేడీస్ టైలర్ బోర్డు మీదా అదే. పిండిగిర్ని, టెంట్‌హౌస్, ఆఖరికి శవాన్ని పడుకోబెట్టే ఫ్రీజర్ పెట్టె మీదా అదే. జనం నోట్లో నలిగి వాటుబరుగు అయింది, అంతే తేడా.

ఆఫీసు నుంచి తోడొచ్చిన హర్షిణి తెలుగు చేసి చెప్పింది. "గా పేరు వాళ్ల దేశంల గుట్ట మీది కోటదట. తొమ్మిది వందల ఏండ్లు దాటిందట. గా పేరు కారుకు పెట్టిన్రట, కాలేజీకి పెట్టిన్రట, ఆకాశంల తిరిగే రాయికి గూడ పెట్టిన్రట. పిండిగిర్నికి మాత్రం ఎవ్వలు పెట్టలేదట. మీకు గింత ప్రేమెందుకో నిజం చెప్పినోళ్లను విమానంల తీస్కపోయి కోట చూపిస్తదట."

చౌరస్తా అంతా ఎగబడింది.

"నాకు కలల గా కోట రాణి కనవడ్డది బిడ్డా," అంది టిఫిన్ సెంటర్ సారక్క. "నా వడ తిని, ఇంకోటెయ్యవే అక్కా అన్నది."

"మా దాదా గా రాజుకు షేర్వానీ కుట్టిండు," అన్నాడు టైలర్ రహమతుల్లా. "కొలత అంగుళం గూడ తప్పలే!"

"మీ తాత తొమ్మిది వందల ఏండ్ల కింద ఉన్నడా, భాయ్?" అంది సారక్క.

"మా ఖాందాన్ల ఆయుష్షు ఎక్కువ."

హిల్డా ముఖం చిన్నబోయింది. ముత్యం వైపు తిరిగింది.

కోటకు రాళ్లు మోసింది తన ముత్తాతేనని చెబుదామని ముత్యం గొంతు సవరించుకున్నాడు. ఇంతలో పైన విమానం మోత. తలెత్తి చూశాడు. ఏమీ లేదు. పక్కనుంచి బొగ్గు టిప్పర్ పోయింది.

"కాకా, జల్ది చెప్పు," అంది హర్షిణి. "గిప్పుడన్న నిజం చెప్పకుంటే ఎల్లిపోతదట."

ముత్యం తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"ప్రేమ లేదు, దోమ లేదు మేడం, మాకు బోర్డులు రాసే హసన్‌కు సదువు రాదు, తుక్కుల దొరికిన, రంగు గొట్టే అక్షరాల రేకు అచ్చు వాని దగ్గర గదొక్కటే ఉన్నది."