పెద్ద టీచర్ గొంతు

వాన మొదలైతే ఒకటో తరగతికి పూనకం వస్తుంది.

ఆ రోజూ అంతే. కిటికీ అవతల నాలుగు చినుకులు రాలాయో లేదో, పిల్లలంతా బెంచీలెక్కేశారు. ఒకడు పక్కవాడి నెత్తిమీద తడి గొడుగు దులిపాడు. ఒక పిల్ల చెప్పులో నీళ్లు పట్టుకొచ్చి, ఒలకకుండా నడుస్తున్నందుకు మెచ్చుకోమని నిలబడింది.

“సైలెన్స్!” అని అరిచింది కొత్త టీచర్. ఆ గోలలో ఆ అరుపు ఏమైందో ఆమెకే తెలియలేదు.

ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు. మధ్యాహ్నానికల్లా గొంతు బొంగురుపోయేది. సాయంత్రానికి అసలుండేదే కాదు. ఇంటికెళ్లాక అమ్మతో అన్నీ సైగలే.

హెడ్మిస్ట్రెస్ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

“ఏంటమ్మా, ఇది క్లాసా, సంతా? శనివారం తల్లిదండ్రులొస్తున్నారు. వానాకాలం మీద పిల్లల చేత ఏదైనా చేయించి చూపించాలి. అప్పుడూ ఇదే వరసైతే క్లాసు ఇంకొకరికిచ్చి, నిన్ను ఆఫీసులో కూర్చోబెడతాను. ఆ తర్వాత నీ ఇష్టం.”

కొత్త టీచర్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు దిండ్లను వరసగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పిన మనిషి ఆమె. దిండ్లు ఎంత బుద్ధిగా వినేవో!

పక్క గది పెద్ద టీచర్‌ది. ఆవిడ హాజరు పిలిస్తే గేటు బయట ఆటో డ్రైవర్ కూడా ఉలిక్కిపడి “ప్రెజెంట్” అనేవాడు. ప్రార్థన దగ్గర మైకు, మీటింగుల్లో ఉపన్యాసం, పోట్లాటకొచ్చిన తల్లిదండ్రులకు నచ్చజెప్పడం... బడిలో గొంతుతో పనేదైనా ఆవిడ నెత్తినే పడేది. సలహా అడిగితే ఆవిడనే అడగాలి అనుకుంది కొత్త టీచర్.

మర్నాడు వెళ్లేసరికి పెద్ద టీచర్ మెడ చుట్టూ ఉన్ని మఫ్లర్. కొత్త టీచర్ నోరు తెరిచేలోపే పలక ఎత్తి చూపించింది.

“గొంతు పోయింది. మాట్లాడను.”

“అయ్యయ్యో! సెలవు పెట్టకపోయారా మేడమ్?”

పెద్ద టీచర్ పలక తుడిచి మళ్లీ రాసింది. “క్లాసుకేం, నడుస్తుంది. కూర్చుని చూడు.”

కొత్త టీచర్ వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చుంది.

పెద్ద టీచర్ ఒక వేలితో అరచేతిమీద టక్కుమని కొట్టింది. పిల్లలూ కొట్టారు. అది చినుకు. తర్వాత రెండు వేళ్లు. అది జల్లు. ఆ తర్వాత చేతులతో డెస్కులు దడదడలాడించారు, గదంతా కుండపోత. అక్కణ్నుంచి మెల్లగా తగ్గిస్తూ మళ్లీ రెండు వేళ్లు, ఒక వేలు. ఆఖరికి ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దంలో బయటి వాన వినిపించింది. పెద్ద టీచర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

“రేకుమీద టపటప,” గుసగుసలాడాడొకడు.

“గొట్టంలో గుడగుడ,” అంది ఇంకొక పిల్ల, ఇంకా మెల్లగా.

విన్నదాన్ని బొమ్మ వేయమని సైగ చేస్తే, తలలు వంచుకుని వేశారు.

గంట కొట్టాక పలక మళ్లీ లేచింది. “నువ్వరిస్తే వాళ్లూ అరుస్తారు. నువ్వు తగ్గితే వినడానికి దగ్గరికొస్తారు.” తుడిచి, ఇంకొకటి. “మధ్యలో నీళ్లు తాగు. అన్నం మానకు. బడిని ఇంటికి మోసుకుపోకు.”

ఆ వారమంతా బడి పెద్ద టీచర్ మీద జాలి కురిపించింది. మైకు డ్రిల్లు మాస్టారికి చిక్కింది. ఆయన ప్రార్థన కూడా “అటెన్షన్” తోనే మొదలుపెట్టాడు. కొడుక్కి మార్కులు తగ్గాయని ఊగిపోతూ వచ్చిన తండ్రికి హెడ్మిస్ట్రెస్సే స్వయంగా సమాధానం చెప్పుకుంది. చెప్పాక తలనొప్పి మాత్ర వేసుకుంది.

సాయంత్రాలు స్కూటర్ మీద వచ్చే పెద్ద టీచర్ భర్త ముఖం వేలాడిపోయి ఉండేది.

“ఇల్లు బోసిపోయిందమ్మా,” అన్నాడు కొత్త టీచర్‌తో. “మా అక్కయ్య రోజూ ఫోన్ చేస్తుంది. ఇన్నాళ్లూ ఈవిడే మాట్లాడేది. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను. అక్కయ్య ఫోన్ పెట్టెయ్యదమ్మా. ఫోను వేడెక్కినా పెట్టదు!”

వెనక సీటు మీద పెద్ద టీచర్ దిగులుగా మఫ్లర్ సర్దుకుంది.

శనివారం రానే వచ్చింది. గోడల పొడుగునా తల్లిదండ్రులు నిలబడ్డారు. పిల్లలు అప్పటికే సగంమంది బెంచీలెక్కేశారు. కొత్త టీచర్‌కి “సైలెన్స్” నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఒక వేలితో అరచేతిమీద ఒక్క చినుకు రాల్చింది.

గొడుగువాడు చూశాడు. చేతిలో గొడుగు వదిలేసి వాడూ రాల్చాడు. తర్వాత చెప్పు పిల్ల. తర్వాత అందరూ. కుండపోత దగ్గరికొచ్చేసరికి తల్లులు గోడలమీద దరువేస్తున్నారు. వాన వెలిశాక ఒక తండ్రి మాత్రం ఆగలేక ఇంకో నాలుగు దెబ్బలు వాయించాడు. ఆయన కూతురు వేలు పెదాలమీద పెట్టి కళ్లెర్రజేసింది.

గది నిశ్శబ్దమైంది.

“ఇది మన ఒకటో తరగతేనా?” అంది హెడ్మిస్ట్రెస్, అదీ గుసగుసగానే. “నీ క్లాసు నీదే. ఉంచుకో తల్లీ.”

అందరూ వెళ్లగానే కొత్త టీచర్ వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని పక్క గదికి పరుగెత్తింది. పెద్ద టీచర్ ఒక్కతే కూర్చుని బొమ్మలు సర్దుకుంటోంది.

“మీవల్లే మేడమ్,” అంది ఫ్లాస్కు చేతిలో పెడుతూ. “అంత బాధలో ఉండి కూడా నాకు దారి చూపించారు. మీకు త్వరగా తగ్గాలని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. డాక్టర్ ఏమన్నారు? ఎప్పటికి నయమవుతుందట?”

పెద్ద టీచర్ ఆమెను కాసేపు ప్రేమగా చూసింది. లేచి వెళ్లి వరండాలో ఇటూ అటూ తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి, మఫ్లర్ వదులు చేసుకుంది.

“పోతే కదమ్మాయ్, నయమవడానికి!” అంది ఖంగుమని.