ఎవరైనా

కథలక్క తన కొత్త ఆటను ఊరందరికీ ఊరికే రాసిచ్చేస్తోందట, మతి పోయిందట అని పక్కింటావిడ మేడమీద బట్టలారేస్తూ ఎదురింటావిడతో అన్నదట. ఎదురింటావిడ ఆ మాటకు కాస్త ఉప్పూకారం చేర్చి కథలక్క తమ్ముడి చెవిన వేసింది.

ఫోన్లలో ఆడుకునే ఆటలకు కథలు రాస్తుంది కనుక ఆమె అందరికీ కథలక్క. ఒప్పందం కోసం ఆటల కంపెనీ చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఈసారి తమ్ముడూ వెంటబడ్డాడు.

లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు.

"ఎందుకక్కా అంత పంతం? ఇది కూడా చెడితే ఇల్లెలా గడుస్తుంది? పోనీ ఆ పడవమ్మ కథే ఇంకోటి రాయరాదూ? నీ మొదటి ఆట. జనం ఇప్పటికీ అడుగుతున్నారు."

"మెట్లు చూసుకుని ఎక్కరా."

పైన, వచ్చినవాళ్ళు కూర్చునేచోట బల్లమీద పడవమ్మ బొమ్మ ఉంది. చేతిలో తెడ్డు వంకరగా ఉంది. కథలక్క సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

కంపెనీ యజమాని కాగితాలు ముందుకు తోశాడు.

"సినిమా తీస్తే హక్కు మాది."

"తీసుకోండి."

"బొమ్మలు, చొక్కాలు, పుస్తకాలు?"

"అవీ తీసుకోండి."

తమ్ముడు బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. ఆమె కాలు పక్కకు జరుపుకుంది.

"తెరమీద మా పేరు పెద్దగా, మీ పేరు చిన్నగా వస్తుంది."

"భూతద్దం పెట్టి వెతుక్కుంటాలెండి. నేను రాయించిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఉంచండి."

ఆయన పాచిపోయిన కూరను చూసినట్టు ఆ వాక్యాన్ని చూసి, పైకి చదివాడు. "'ఈ కథనూ ఇందులోని మనుషులనూ ఎవరైనా వాడుకోవచ్చు, కొత్త కథలు అల్లుకోవచ్చు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.' అడ్డమైనవాళ్ళూ రాసి పాడుచేస్తారమ్మా!"

"కొందరు బాగుచేస్తారు." ఆమె గొంతులో ఓపిక అడుగంటింది. "చేను మీకే రాసిస్తున్నాను. గట్టుమీద దారి మూయకండి, చాలు."

"ఇంకాస్త ఎక్కువిస్తాను. ఆ వాక్యం కొట్టేద్దాం."

"వద్దండి."

తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. "చెప్పండి సార్, మీరైనా చెప్పండి."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అర్థంకాక అడుగుతానమ్మా. పేరు వదులుకున్నారు, సినిమా వదులుకున్నారు. ముక్కూమొహం తెలియని దారినపోయే దానయ్య ఎవడో రేపు రాసుకోవాలని మీకింత తాపత్రయమేమిటి?"

కథలక్క కలం మూత తీసింది.

"పడవమ్మను మీకు రాసిచ్చేశాక, మళ్ళీ దాని కథ రాయబోతే లాయరు నోటీసు పంపారు కదండీ, ఆ దారినపోయే దానయ్యను నేనే."