కుడివైపు పట్టీ

ఆ కాలంలో ఆడవాళ్లు కాఫీకి ముందే కడుపులో జబ్బును పసిగట్టే పట్టీ నడుముకు చుట్టుకునేవారు. ఆకుపచ్చ దీపం వెలిగాకే పొయ్యి దగ్గరికి వెళ్లేవారు. ఏ దీపమైనా నిమిషం పాటు వెలిగితే ఆసుపత్రికి కబురు వెళ్లిపోయేది.

కుముదినికి ఎడమ అండాశయం తీసేసి రెండేళ్లయింది. అది క్యాన్సరూ కాదు, మామూలు గడ్డా కాదు, రెంటికీ మధ్యలోదన్నారు డాక్టరు. పిల్లల కోసం కుడిదాన్ని ఉంచారు. నారింజ దీపం వెలిగితే గడ్డ మళ్లీ వస్తున్నట్టు, అదీ తీసేస్తారు. ఎరుపు వెలిగితే క్యాన్సరే.

మూడు నెలల కిందట నారింజ వెలిగింది. అత్తగారు తాయారమ్మ చటుక్కున పట్టీ విప్పి తన నడుముకు చుట్టుకున్నారు. ఆకుపచ్చ వెలిగింది.

"ఒక్క నెల ఓపిక పట్టవే. కడుపు పండనీ. దీనికి మనిషి మొహం తెలుస్తుందా ఏంటి?"

అప్పటినుంచి రోజూ ఆవిడే కట్టుకున్నారు. కుముదిని కడుపు పండలేదు.

ఇవాళ ఆవిడ నడుము మీద ఎర్రదీపం వెలిగింది.

"దీనికి మతి పోయినట్టుంది. నువ్వు కట్టుకో," అంటూ నవ్వారు తాయారమ్మ.

కుముదిని కట్టుకుంది. మళ్లీ ఎరుపే. వెంటనే ఆసుపత్రి నుంచి ఫోన్ మోగింది.

"కుముదినిగారూ, బండి పంపుతున్నాం. తోడు ఎవరైనా వస్తారా?"

తాయారమ్మ ఇంకో నెల అన్నట్టు వేలు చూపించారు.

"మా అత్తయ్య వస్తారండీ," అంది కుముదిని. "తోడుగా కాదు. ఆవిడకీ ఎరుపే."