ఏవగింపు

మొగుణ్ని చూస్తేనే దేవుడమ్మకి వాంతొచ్చేలా ఉంది.

ఒట్టి కోపమైతే నాలుగు తిట్టి ఊరుకునేది. ఇది అసహ్యం. రెండేళ్ల క్రితం తన కిడ్నీ కోయించి ఇచ్చింది ఈ మనిషికేనా!

నిన్న విశాఖలో డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు.

“ఇతని ఒంట్లో యాంటీబాడీలు పుట్టాయమ్మా. నువ్విచ్చిన కిడ్నీని పరాయిదనుకుని మెల్లగా తినేస్తున్నాయి. ప్లాస్మా మారుస్తాం, ఇంజెక్షన్లు ఇస్తాం. కానీ మాత్రలు మింగకపోతే ఎంత చేసినా దండగే. రక్తంలో ఉండాల్సినంత మందు లేదు.”

యేసుపాదం నేలచూపులు చూశాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి రైల్వే క్వార్టర్‌కి వచ్చేదాకా దేవుడమ్మ మాత్రల లెక్కే వేసుకుంది. మాత్రల షీట్లు నెల తిరిగేసరికి ఖాళీ అవుతూనే ఉన్నాయి. అంటే పారేస్తున్నాడన్నమాట. లైను పనిలో ఎవరైనా అరటిపండు ఇచ్చినా తినకుండా ఇంటికి తెచ్చే మనిషి, ఇంత ద్రోహం ఎక్కడ నేర్చాడో. ఛీ!

ఏడాదిగా ఆమెకి అన్నీ రోతే. చేపల కూర వాసనకే కడుపులో దేవుతుంది. నోటినిండా పుళ్లు. చేతుల్లో వణుకు. పొద్దున్నే అతను పెట్టిచ్చే టీ కూడా గొంతు దిగదు. పక్క క్వార్టర్ ఊర్మిల “టెన్షన్ హై దీదీ” అని తేల్చేసింది. బెంగే కాబోలనుకుంది. కాదు, ఈ మనిషంటే ఏవగింపు. ఇప్పుడు తెలిసింది.

వరండాలో కూర్చున్న అతని ముందుకెళ్లి నిలబడింది.

“మాత్రలేటి సేసావు? నా కిడ్నీ నీకంత లోకువైపోనాదేటి?”

“అలాగనకే.”

“మరెలాగనాల? ఆపరేషనప్పుడు డాక్టరేటన్నాడు? ఈ మాత్రలే కిడ్నీకి కాపలా అన్నాడా, నేదా?”

“అన్నాడు.”

“ఇని కూడా పారేసినావు! థూ! రేపట్నించి నా కళ్ల ముందర మింగకపోతే మా అన్నోరింటికి పోతాను. నువ్విక్కడే సచ్చిపో!”

యేసుపాదం కళ్లు తుడుచుకున్నాడు. తలొంచుకుని గొణిగాడు.

“పారెయ్యలేదే... నీకూ మిగిలింది ఒక్క కిడ్నీయే గదా, సెప్తే నువ్వు ఏసుకోవని, సగం మాత్రలు నూరి రోజూ నీ టీలో కలిపేస్తన్నాను.”