బుజ్జి బండెక్కింది

కాలవ గట్టు రోడ్డు మీద బుజ్జి మోటారు సైకిలు నేర్చుకుంటోందట. వెనక సీట్లో ఎవడో మగమనిషి కూడా ఉన్నాడట. ఎర్ర హెల్మెట్టు పెట్టుకున్నాడేమో, మొహం కనపడలేదట. ఇదంతా పాలు పోసేవాడు చూసి పక్కింటావిడకి చెప్తే, ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి గోడ దగ్గరికి వచ్చి మరీ పెద్దాయన చెవిన వేసింది.

"నాకెందుకులెండి. ఇంటికి పెద్దవారు, మీరే నాలుగు మాటలు చెప్పాలి. ఈ వయసులో ఇలాంటివి మొదలైతే ఆపటం ఎవరి వల్లా కాదు," అంది.

పెద్దాయన లోపల్నుంచి కుర్చీ తెచ్చి, గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

అక్కడ కాలవ గట్టు మీద బుజ్జి బండి ఆపి, "ఇప్పుడేం తప్పు చేశాను?" అని అడుగుతోంది.

"రోడ్డు చూస్తున్నావు," అన్నాడు వెనక కూర్చున్న అన్న. అతను మెకానిక్కు. బండీ అతనిదే, ఎర్ర హెల్మెట్టూ అతనిదే.

"రోడ్డు చూడక ఆకాశం చూడమంటావా?"

"రోడ్డు ఎక్కడికీ పోదు పిల్లా. రోడ్డు మీదికి వచ్చేవాటిని చూడు. అదిగో మేక. ఏం చేస్తావు?"

"అది దాటేసిందిగా."

"ఒక్క మేకని ఎవరైనా మేపుతారా?"

మాట పూర్తయ్యేలోగా తుప్పల్లోంచి మంద మొత్తం రోడ్డెక్కింది. బుజ్జి మూతి బిగించి, అన్ని మేకలూ దాటేదాకా కాలు నేలకానించి నిలబడింది.

బుజ్జి పనిచేసే కుట్టు షెడ్డుకి ఆడవాళ్ళని తీసుకెళ్ళే ఆటో ఆగిపోయింది. సోమవారం నుంచి సొంతంగా రాగలిగినవాళ్ళకే మిషను, రాలేనివాళ్ళ మిషను ఇంకొకరికి అని షెడ్డు యజమాని చెప్పేశాడు. ఇంట్లో పెద్దాయన అంతకంటే తొందరగా తేల్చేశాడు. "మానెయ్. మనకి తిండికేం లోటు?" తిండి కోసం కాదని బుజ్జి చెప్పబోయేసరికి ఆయన పేపరు తిరగేసుకున్నాడు. ఆ షెడ్డులో చొక్కా కాలరు కుదరాలంటే బుజ్జి చెయ్యి పడాలి. కొత్తగా చేరినవాళ్ళు ఆమె పక్క మిషను కోసం పోట్లాడుకుంటారు. ఇంట్లో మాత్రం మంచినీళ్ళకి తప్ప ఆమెని పిలిచేవారు లేరు.

"ఇంట్లో చెప్పావా?" అన్నాడు అన్న, బండి మళ్ళీ కదిలాక.

"లేదు."

"తెలిస్తే?"

"వయసు గుర్తు చేస్తారు. సైకిలు నేర్చుకుంటానన్నప్పుడూ వయసే అడ్డమన్నారు. ఇప్పుడూ అదే అంటారు. ఆ సరైన వయసేదో ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో నాకైతే కనపడలేదు."

"నా పేరు మాత్రం చెప్పకు."

"ముందు నీ పేరే చెప్తా."

ముందు ఒకాయన సైకిలు మీద గడ్డిమోపు వేసుకుని పోతున్నాడు. బుజ్జి హారను కొట్టబోయి ఆగింది. హారను వింటే ఆయన తల తిప్పుతాడు, తలతో పాటు మోపూ, మోపుతో పాటు సైకిలూ తిరుగుతాయి. బాగా ఎడం ఇచ్చి దాటింది. చెట్ల నీడలో రోడ్డు ఇంకా తడారలేదు. అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకుని, బ్రేకు ముట్టకుండా వెళ్ళింది. ఆగి ఉన్న స్కూలు బస్సు దగ్గర, దాని చక్రాల మధ్య నుంచి అవతల కాళ్ళేమైనా కదులుతున్నాయా అని చూసుకుంది. అన్న ఏమీ అనలేదు. అతను ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

మలుపు ఇంకా దూరం ఉండగానే ఆమె గేరు తగ్గించింది.

"ఇక్కడెందుకు?" అన్నాడు అన్న.

"టైరు బురద చూడు, ఇంకా తడిగానే ఉంది. ట్రాక్టరు ఇప్పుడే పొలంలోంచి రోడ్డెక్కింది. ఆ మలుపు అవతలే ఉంటుంది."

వెనక నుంచి హారను ఆగకుండా మోగింది. ఒక కుర్రాడు బండి పక్కకి తెచ్చి, "దిగి నెట్టుకుంటూ పోండి, పెట్రోలన్నా మిగులుతుంది," అని నవ్వి దూసుకుపోయాడు.

వీళ్ళు మలుపు తిరిగేసరికి ట్రాక్టరు రోడ్డుకి అడ్డంగా వెనక్కి వస్తోంది. కుర్రాడి బండి బురదలో జారి తుప్పల్లో పడి ఉంది. వాడు మోచెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. బుజ్జి తీరిగ్గా వాడి పక్కన ఆగింది.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు."

"అయితే నెట్టుకుంటూ వెళ్ళు. పెట్రోలన్నా మిగులుతుంది."

అన్న నవ్వు హెల్మెట్టులోంచి కూడా వినిపించింది. షాపు దగ్గర దిగి, "తాళం నీ దగ్గరే ఉంచుకో. ఇక నాతో పని లేదు నీకు," అన్నాడు.

ఇంటి వీధిలోకి తిరగగానే గేటుకి అడ్డంగా కుర్చీ, కుర్చీలో పెద్దాయన, గోడ మీద పక్కింటావిడ తల కనిపించాయి. బుజ్జి దూరం నుంచే గేరు తగ్గించింది.

"తాళం ఇటివ్వు," అని పెద్దాయన చెయ్యి చాపాడు.

బుజ్జి బండి ఆపి, తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"వెనక కూర్చున్నదెవడు?"

"అన్నయ్య. అనుమానముంటే షాపుకెళ్ళి హెల్మెట్టు విప్పించి చూసుకోండి."

పక్కింటావిడ తల కొంచెం కిందికి దిగింది. పూర్తిగా దిగలేదు.

"నలుగురూ నవ్వుకుంటున్నారు. ఈ వయసులో నీకు బండి అవసరమా?"

"సోమవారం నుంచి అవసరం."

"నేను వద్దన్నాను కదా."

"విన్నాను."

"విని?"

"విని నేర్చుకున్నాను."

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. "రేపు ఏ మలుపులోనో పడి, కాలో చెయ్యో విరిగి మంచాన పడితే నిన్నెవరు చూస్తారు?"

"మీరే చూడండి, నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి."