నొక్కితే నొక్కినట్టే

“నొక్కినాక తప్పని తెలిస్తే ఎనక్కి తీసుకోవచ్చా బాబూ?”

కంట్రోల్ రూం గుమ్మంలో నిలబడ్డ ముసలామెను చూసి ఐజాక్‌కి ఒళ్లు మండింది. కోరాపుట్ కొండల్లోని ఆ చిన్న డ్యాంకి ఎనభై తొమ్మిదిలో కంప్యూటర్ వచ్చింది. అప్పట్నుంచీ కాలనీ అంతా తిరునాళ్లకొచ్చినట్టు వచ్చి చూసిపోతోంది. ఈమె మాత్రం కొత్త ముఖం.

“తెర మీద రెండు గళ్లున్నాయి సూడండమ్మా. ఇది సైరన్, ఇది గేటు. మౌసు నొక్కడం కంప్యూటర్‌కి ఒక కబురు, వదలడం ఇంకో కబురు. నా ప్రోగ్రాం నొక్కగానే పని కానిచ్చేస్తాది. వదిలేదాకా ఎవడాగుతాడు?”

“నోరు జారితేనే తీసుకోలేమంటారు. వేలు జారితే?”

“నా వేలు జారదు. ఎల్లండమ్మా, ట్రయల్ టైమయింది.”



ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. “రేవులో ఆడోళ్లున్నారు.”

“మా ఆవిడా ఉంది. సైరన్ ఇని అందరూ గట్టెక్కేస్తారు. ఆ తర్వాతే గేటు.”

ఆమె గబగబా మెట్లు దిగిపోయింది.

కాసేపటికి సూపర్వైజర్ ఢిల్లీశ్వరరావు వచ్చి వెనక నిలబడ్డాడు.

“కానీ.”

సూపర్వైజర్ చూస్తున్నాడని ఐజాక్ మౌసుని విసురుగా జరిపాడు. బాణం గుర్తు సైరన్ దాటి పక్క గడిలోకి పోయింది. అప్పటికే నొక్కేశాడు.

గేటు!

వేలెత్తకుండానే మౌసుని పక్కకి లాగాడు. లాభం లేకపోయింది. మోటారు మూలిగింది. నీళ్లు విరుచుకుపడ్డాయి.

“ఆపరా!” అంటూ ఢిల్లీశ్వరరావు కరెంటు కట్టేశాడు.

గేటు సగంలో ఆగింది. వదిలిన నీళ్లు ఆగవుగా.

“ప్రభువా! రూతమ్మా!”

మెట్లు ఎలా దిగాడో ఐజాక్‌కే తెలీదు. కింద రేవు లేదు. బట్టలుతికే రాళ్లు లేవు. ఎర్రటి నీళ్ల మీద ఓ చీర కొట్టుకుపోతోంది.

అది రూతమ్మదే. నీళ్లలోకి దిగబోయాడు.

“ఇక్కడున్నానండీ!”

గట్టు మీద రూతమ్మ. పక్కనే మిగతా ఆడవాళ్లంతా.

“ఎవరో ముసలామండీ. బట్టలొదిలేసి లెగండని తిట్టి, రెక్కలట్టుకుని లాగేసింది. సైరన్ మోగకుండా ఏటీ పిచ్చని మేమూ తిట్టేము.”

“ఏదీ ఆవిడ?”

“నీళ్లొచ్చేక అందర్నీ లెక్కెట్టుకుని, ఏడుసుకుంటూ బస్సెక్కిపోయింది.”

దసమంతపూర్ బస్సు మలుపు తిరుగుతోంది. ఐజాక్ చెయ్యెత్తి అరిచాడు. అది ఆగలేదు.

ఆయాసపడుతూ వచ్చిన ఢిల్లీశ్వరరావు బస్సు కిటికీలోని ముఖాన్ని గుర్తుపట్టి నిలబడిపోయాడు.

“సూర్యావతమ్మరా ఆవిడ. పాత మీటల కాలంలో సైరన్ మరిసిపోయి గేటెత్తేసింది ఆవిడ పెనిమిటే. ఆవేళ రేవులో ఉన్నది ఆళ్ల ఒక్కగానొక్క కూతురు.”